నిద్రపోయిన బొంగరం

మద్రాసుకు పోయిన పది బొంగరాలూ తిరిగొచ్చాయి. లైట్లు నిలవడం లేదనీ, పదీ పనికిరావనీ కంపెనీవాళ్లు చీటీ పెట్టారు. యేసుబాబు అంగట్లో కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. తొమ్మిది కాసేపు మినుకుమని ఆరిపోయాయి. పదోది తిరిగినంతసేపూ వెలిగింది. వెలగని తొమ్మిదింటికన్నా ఆ వెలిగిన ఒక్కటే గురువారం పొద్దున అతన్ని ఉదయగిరి బస్సెక్కించింది.

ఒకటి చెయ్యడం చేతనైనవాడికి పదీ చేతనవును. చెయ్యలేదంటే చెయ్యదలచుకోలేదనే అర్థం. బస్సు ఆత్మకూరు పొలిమేర దాటేటప్పటికే ఈ మాట అతని మనసులో గట్టిపడింది.

యేసుబాబు ఆత్మకూరులో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తాడు. రెండు నెలలుగా అంగడి తలుపు ఒక రెక్కే తీస్తున్నాడు. కొత్త పని పట్టుకోవడం మానేశాడు. ఏళ్ల తరబడి అతని దగ్గరికే వచ్చినవాళ్లు ఇప్పుడు ఎదుటి వరసలో కొత్తగా పెట్టిన టీవీ మెకానిక్కు దగ్గర నిలబడుతున్నారు. అదంతా ఈ బొంగరం కోసమే.

వింజమూరు వర్తకుడు సురేంద్రబాబు ఉదయగిరి చెక్క గరిటెలు, దువ్వెనలు కొని మద్రాసుకు పంపుతాడు. అక్కడి బొమ్మల కంపెనీ ఒకటి అతన్ని చెక్క బొంగరం అడిగింది. తిరిగేటప్పుడు లోపల లైటు వెలగాలి. తిరగనప్పుడు వెలగకూడదు. లారీ కుదుపులకు వెలిగి సెల్లు అయిపోకూడదు. తిరుగుతున్న సంగతి కనిపెట్టే సామాను రూపాయికి లోపల తెమలాలి. సురేంద్రబాబు చెక్కపని ఉదయగిరి ఓబులయ్యకూ, లైటు పని యేసుబాబుకూ అప్పగించాడు. ఇప్పుడు కంపెనీ గడువు పెట్టింది. సోమవారానికి పది సరైన బొంగరాలు అందాలి. అందకపోతే ప్లాస్టిక్కులో ఇంకెవరిచేతనైనా చేయించుకుంటారు.

యేసుబాబు సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. కుదుపు వచ్చినప్పుడల్లా లోపల బొంగరాలు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. ఏ ఒక్కటీ వెలగలేదు. ఆ మాత్రం తన పని తాను సరిగానే చేశాడు.

ఊరికే కుదరలేదు అది. మొదట పాదరసం గొట్టం తెప్పించాడు. చిటికెన వేలి గోరంత గాజుగొట్టం, లోపల పాదరసం చుక్క. గొట్టం వాలితే చుక్క జారి రెండు తీగల్నీ కలుపుతుంది. కానీ బొంగరం ఆగిపోయాక పక్కకు ఒరిగి పడుకుంటుంది. పడుకున్నంతసేపూ లైటు వెలుగుతూనే ఉంది. పైగా గాజు. పిల్లల చేతుల్లో పగిలే వస్తువని భార్య సుకుమారి దాన్ని ఇంట్లోనే ఉంచనివ్వలేదు. తర్వాత అయస్కాంతం దగ్గరికొస్తే అంటుకునే స్విచ్చి. అది మంచిదే, కానీ తిరిగేదాని పక్కన తిరగకుండా నిలబడే అయస్కాంతం ఒకటి కావాలి. వీధిలో తిరిగే బొంగరానికి ఆ తోడు ఎక్కడినుంచి వస్తుంది.

చివరికి దారి చూపించింది సుకుమారి పెన్నే. ఆమె బడిలో పంతులమ్మ. ఒకరోజు పిల్లల నోటుబుక్కులు దిద్దుతుంటే ఎర్ర పెన్ను ఊడి, లోపలి స్ప్రింగు నేలమీద పడి దొర్లింది. యేసుబాబు దాన్ని తీసి, సగానికి కత్తిరించి, ఒక కొసను చెక్కలో దిగ్గొట్టి నిలబెట్టాడు. పక్కనే బయటి వైపున చిన్న మేకు. బొంగరం తిరిగితే స్ప్రింగు బయటికి వాలి మేకును తాకుతుంది, లైటు వెలుగుతుంది. ఆగితే నిటారుగా నిలబడుతుంది, లైటు ఆరుతుంది. పది పైసల సరుకు.

కిటుకల్లా ఒకటే. స్ప్రింగు అంచు వైపు ఉండాలి, నడిమధ్యలో ఉండకూడదు. తిరనాళ్లలో రంగులరాట్నం అంచున కూర్చున్నవాడు బయటికి తూలతాడు. మధ్యలో రాటను పట్టుకుని నిలబడ్డవాడికి ఏమీ కాదు.

ఆ సామాను ఎరిగినవాళ్లు లోకంలో ముగ్గురు. ఒకడు తాను. ఒకరు సుకుమారి. మూడోవాడు ఓబులయ్య. అతనితో ముఖాముఖి మాట్లాడటం కుదరలేదు. పోయిన నెల సామాను తీసుకుపోయిన రోజు అతను చెక్క కోసం కొండకు పోయి ఉన్నాడు. స్ప్రింగుకూ మేకుకూ తీగలు కలిపిన జతలు పది, పెన్సిలుతో గుర్తులు పెట్టిన అట్టముక్క, ఒక చీటీ అతని భార్య వెంకమ్మ చేతికిచ్చి యేసుబాబు మళ్లీ బస్సెక్కేశాడు. బిగించడం, రంగు వెయ్యడం, సురేంద్రబాబుకు అప్పగించడం అంతా ఓబులయ్యే చూసుకున్నాడు.

నిన్న తొమ్మిదింటినీ విప్పి చూస్తే, అంచు వైపు బెజ్జాలు చెక్కపొడీ బంకా కలిపి పూడ్చి ఉన్నాయి. కొత్త బెజ్జం సరిగ్గా నడిమధ్యలో ఉంది. తొమ్మిదింట్లోనూ అంతే. పొరపాటైతే ఒకదాంట్లో అటు, ఒకదాంట్లో ఇటు ఉండేది. ఇది తెలిసి, కూర్చుని, తీరుబడిగా చేసిన పని.

పదోదాని మూత బంకతో బిగించి ఉంది. దాన్నీ విప్పేవాడే. పొద్దున సుకుమారి దిద్దుతున్న పుస్తకంలోంచి తలెత్తకుండానే, "వెలిగేదాన్ని మాత్రం విప్పబాకండి. అది కూడా చెడిపోతే చూపించడానికి ఏం మిగలదు," అంది. చెప్పి, పిల్లవాడి లెక్కకు ఎర్రగా టిక్కు కొట్టి, దాని కింద ఒక చుక్క పెట్టింది. అది ఆమె అలవాటు. బడిలో ఇంకెవరూ అలా చుక్క పెట్టరు. ఆ మాట సబబుగానే ఉందనిపించి యేసుబాబు పదోదాన్ని విడిగా తువ్వాలులో చుట్టుకున్నాడు.

వింజమూరులో బస్సు మారి ఉదయగిరిలో దిగేసరికి ఎండ ముదిరింది. కొండ మీది కోటగోడ ఎర్రగా కనబడుతోంది. చెక్కపనివాళ్ల వీధిలో ప్రతి పంచలోనూ ఉలి చప్పుడే. ఓబులయ్య పంచలో మాత్రం చప్పుడు లేదు. అతను గోడకు ఆనుకుని ఆకురాయితో దువ్వెన పళ్లు అరగదీస్తున్నాడు. ఆకురాయి కొత్తది. పిడికి ఇంకా మట్టి అంటలేదు. యేసుబాబు ముందు దాన్నే చూశాడు.

"రా అబ్బయ్యా, ఎండన పడి వచ్చినావు," అన్నాడు ఓబులయ్య.

వెంకమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. యేసుబాబు తాగి చెంబు కింద పెట్టాడు. వచ్చిన పని చెప్పలేదు. ఆకురాయి బాగుందన్నాడు. మంగళవారం సురేంద్రబాబు వచ్చి ఇచ్చిపోయాడని వెంకమ్మే చెప్పింది. ఊరికే ఇచ్చినాడా అని అడిగాడు. ఊరికే ఎవరిస్తారు నాయనా, అని ఆమె నవ్వింది. ఓబులయ్య నవ్వలేదు. దువ్వెనను వెలుతురుకు పట్టి ఒక కన్ను మూసి చూసుకుంటున్నాడు.

సురేంద్రబాబు ఎంతసేపు కూర్చున్నాడు, ఏం మాట్లాడాడు, బొంగరాల సంగతి వచ్చిందా అని యేసుబాబు ఒక్కొక్కటే అడిగాడు. ఓబులయ్య ఒక్కొక్క మాటే జవాబిచ్చాడు. కాసేపు కూర్చున్నాడు. దువ్వెనల గురించి మాట్లాడాడు. బొంగరాల సంగతి రాలేదు. మద్రాసు నుంచి సరుకు తిరిగొస్తున్న సంగతి ఆ వర్తకుడు ఇక్కడ చెప్పకుండా ఎందుకు పోయాడో యేసుబాబుకు అర్థం కాలేదు. చెప్పే ఉంటాడు, ఈయనే దాస్తున్నాడు అనుకున్నాడు.

వెంకమ్మ గడపలో కూర్చుని ఇద్దరినీ చూస్తోంది. "అడగదల్చుకున్నదేందో అడగరాదా నాయనా. పోలీసోళ్ల మాదిరి ఆడొక ముక్క ఈడొక ముక్క ఎందుకు," అంది.

యేసుబాబు సంచి బోర్లించాడు. తొమ్మిది బొంగరాలు నేలమీద దొర్లాయి. ఒకదాని మూత తీసి ఓబులయ్య మోకాళ్ల ముందు పెట్టాడు.

"ఇది ఎవరి పని మామా?"

"నా పనే."

"నేను గుర్తు పెట్టింది అంచున. నువ్వు పూడ్చేసి నడిమికి తెచ్చినావు."

"తెచ్చినాను."

యేసుబాబు ఈ జవాబుకు సిద్ధపడి రాలేదు. కాదంటాడనీ, తెలియదంటాడనీ, ఎలుకలు కొరికాయంటాడనీ దారి పొడుగునా అనుకున్నాడు. ఇలా ఒప్పుకుంటే ఏం చెయ్యాలో అనుకోలేదు.

"ఎవరు చెప్పినారు నీకట్టా చెయ్యమని?"

"నువ్వే గదా."

"నన్ను ఆడించబాక మామా. రెండు నెల్లుగా అంగడి మూసుకోని కూర్చోనుండాను. సోమవారానికి సరుకు పోకపోతే నాకు ఇంక అంగడీ లేదు, ఆర్డరూ లేదు. ఎవురికి అమ్ముకున్నావో చెప్పు. ఆకురాయికే అమ్ముకున్నావా?"

వెంకమ్మ లేచి నిలబడింది. ఓబులయ్య చేత్తో ఆమెను ఆగమన్నాడు. అతని ముఖంలో కోపం కనబడలేదు. ఆకురాయిని పక్కన పెట్టి, ఒళ్లోని చెక్కపొడి దులుపుకుని లోపలికి పోయాడు. ఎంతసేపటికీ రాలేదు. లోపల పెట్టె తీసిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. యేసుబాబు గడప వైపే చూస్తూ కూర్చున్నాడు. నలభై దువ్వెనలు చేస్తే ఆ ఆకురాయి ఇచ్చాడని వెంకమ్మ అతని వైపు చూడకుండా, గోడకు చెప్పినట్టు చెప్పింది.

ఓబులయ్య కళ్లద్దాల డబ్బా పట్టుకుని వచ్చాడు. అందులోంచి నాలుగు మడతల చీటీ తీసి యేసుబాబు చేతికిచ్చాడు.

"నీ రాతే గదా. చదువు. నాకు కూడబలుక్కుంటే గాని రాదు, అందుకని మూడుసార్లు చదివినాను."

అది యేసుబాబు రాతే. బస్సు హారను కొడుతుంటే ఈ అరుగు మీదే మోకాలి మీద పెట్టుకుని రాసిన రాత.

'బొంగరం నిద్రపోతే లైటు ఆరిపోవాలి. మేలుకుంటే వెలగాలి.'

"రాసినాను. అయితే ఏంది?" అన్నాడు.

ఓబులయ్య తొమ్మిదిలోంచి ఒక బొంగరం తీసుకుని, మూత బిగించి, తాడు చుట్టాడు. అరవై దాటిన మనిషి పంచ దిగి, వీధిలోని బండ ముందు నిలబడి చెయ్యి ఒక్కసారి వెనక్కి లాగాడు. బొంగరం బండ మీద పడి ఎగిరి, తూలుతూ చుట్టూ పరుగెత్తింది. లోపల లైటు వెలుగుతూ ఆరుతూ మిణుగురులాగా కొట్టుకుంది. తర్వాత బొంగరం ఒక చోట నిలిచింది. తూలడం ఆగింది. కదులుతున్నదో లేదో తెలియనంత నిటారుగా నిలబడి, తేనెటీగలాగా సన్నగా మోగింది. లైటు ఆరిపోయింది.

"అదిగో, నిద్రపోతా ఉండాది," అన్నాడు ఓబులయ్య మెల్లగా.

ఆ మాట చిన్నప్పుడు యేసుబాబు వీధిలో వందసార్లు అన్నాడు. తూలకుండా ఒక్కచోట నిలిచి తిరిగే బొంగరాన్ని చూసి, అరవకండిరా నిద్రపోతోంది అని తోటివాళ్లను గదమాయించినవాడే. తర్వాత సెల్లూ తీగలూ చేతికొచ్చాయి. ఆపేసిన రేడియో నిద్రపోయినట్టే, ఆగి పక్కకు ఒరిగిన బొంగరం నిద్రపోయినట్టే అనుకుని చీటీ రాసేశాడు.

బండ మీద బొంగరానికి మెలకువ వచ్చింది. తల ఊపడం మొదలైంది. లైటు మళ్లీ మినుకుమంది. రెండు చుట్లు తూలి పక్కకు పడి, ఆరింది.

నువ్వు గుర్తు పెట్టిన చోట పెడితే ఎంత నిద్రపోయినా లైటు ఆరలేదని ఓబులయ్య చెప్పాడు. చీటీలో ఆరాలని ఉంది. గుర్తు తప్పో చీటీ తప్పో తెలియక రెండు రోజులు పని ఆపేశాడట. లైటు సంగతంతా చీటీలోనే ఉంటుందని సురేంద్రబాబు చెప్పి ఉన్నాడు కాబట్టి చీటీనే నమ్మాడు. స్ప్రింగును కొంచెం కొంచెంగా లోపలికి జరుపుతూ పోతే నడిమధ్యకు వచ్చేసరికి ఆరిందట.

"మనిషి నిద్రపోయేముందు దీపం ఆర్పుకోడా, అట్టా అడుగుతుండావు గావాల అనుకున్నాను. మంచి ఆలోచనే అని మీ అత్తతో గూడా అన్నాను."

వెంకమ్మ అవునని తలూపింది. ఆకురాయి మాట ఆమె ఇంకా మరిచిపోయినట్టు లేదు.

యేసుబాబు చీటీ మడిచాడు. తిరిగి ఇవ్వాలో, జేబులో పెట్టుకోవాలో తెలియక వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తప్పు నాదే మామా అన్నాడు చివరికి. ఓబులయ్య తొమ్మిదింటికీ మళ్లీ అంచున బెజ్జాలు వెయ్యడం ఒక పూట పని అనీ, శనివారం సాయంత్రానికి చేతికిస్తాననీ అన్నాడు. ఆదివారం బస్సుకు పంపిస్తే సోమవారం మద్రాసులో ఉంటాయి.

పని తేలిపోయింది. యేసుబాబు లేవబోయాడు. లేవబోతూ తువ్వాలు చూసి ఆగాడు.

"మామా, చీటీ అన్నిటికీ ఒకటే గదా. మరి ఈ ఒక్కదాన్ని అంచున ఎందుకు పెట్టినావు?"

"ఏ ఒక్కదాన్ని?"

"పదోది. ఇది మాత్రం నిద్రలో గూడా వెలగతా ఉండాది."

"పదీ ఒక్క మాదిరే చేసినాను," అన్నాడు ఓబులయ్య.

యేసుబాబు తువ్వాలు విప్పి బొంగరం అందించాడు. ఎర్రరంగు, పసుపు గీత, ములుకు, అన్నీ మిగతావాటి లాగానే ఉన్నాయి. ఓబులయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. ఇంకో చేతిలో తనది ఒకటి పెట్టుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత వెలుతురుకు పట్టి ఒక కన్ను మూశాడు.

"ఇది నా చెయ్యి కాదు."

ఉలి కొసతో ములుకు పక్కన కాస్త రంగు గీకి చూపించాడు. తాను చేసింది నర్ది చెక్కతో. ఇది మామిడి. తనది ఉలితో చెక్కి అరగదీసింది. దీని ఒంటి మీద రంగు కింద సన్నటి గీతలు చుట్టూ తిరిగి ఉన్నాయి. తరిమెన మీద పెట్టి తిప్పుతూ కోస్తేనే అలాంటి గీతలు పడతాయి. ఈ వీధిలో తరిమెన ఎవరికీ లేదు.

యేసుబాబుకు అప్పుడు కంపెనీవాళ్ల చీటీ గుర్తొచ్చింది. పదీ పనికిరావని రాశారు. ఒక్కొక్కటీ చూడకుండా రాసి ఉంటారులే అనుకున్నాడు. వాళ్లు చూసే రాశారేమో. వాళ్ల దగ్గరికి పోయిన పదీ ఆరిపోయినవే కావచ్చు. అయితే ఇది పెట్టెలోకి వచ్చింది మద్రాసు దాటాకనే.

నిన్న మధ్యాహ్నం బస్సులో వచ్చిన పెట్టెను సుకుమారే పోయి తెచ్చింది. అంగట్లో అతని ముందు పెట్టేసరికి దాని తాడు ఊడి ఉంది. దారిలో ఊడిపోయిందని ఆమె అంది.

"విప్పు మామా," అన్నాడు.

"వెలిగేదాన్ని విప్పమంటావా?"

"విప్పు."

ఓబులయ్య ఉలిని మూత అంచున ఆనించి మెల్లగా తట్టాడు. బంక పగిలి మూత లేచింది. లోపల స్ప్రింగు అంచున ఉంది, యేసుబాబు గుర్తు పెట్టిన చోటే. దానికి సరిగ్గా ఎదురుగా, అవతలి అంచున, శనగగింజంత సీసం ముక్క కూర్చి ఉంది. స్ప్రింగూ మేకూ ఒక పక్క బరువైతే బొంగరం తూలుతుంది. తూలకుండా అవతల ఆ బరువు పెట్టారు. యేసుబాబుకు ఆ ఆలోచన ఇంతవరకు తట్టలేదు.

"ఎవురోగాని పనోడు. నిద్రా పోవాల, దీపమూ వెలగాల అంటే ఇట్టనే చెయ్యాల," అన్నాడు ఓబులయ్య. అతని గొంతులో కాస్త ఈర్ష్య కూడా వినిపించింది.

యేసుబాబు వినడం లేదు. సెల్లు కదలకుండా దాని కింద ఏదో మడిచి పెట్టారు. తానైతే సైకిలు ట్యూబు ముక్క పెడతాడు. ఇది కాగితం. గోటితో పైకి లాగి విప్పాడు. గీతల నోటుబుక్కు కాగితం. చిన్నపిల్లల చేతిరాతలో రెండు లెక్కలున్నాయి. రెండూ సరైనవే. రెండింటి పక్కనా ఎర్రగా టిక్కులు కొట్టి ఉన్నాయి.

టిక్కుల కింద చుక్కలున్నాయి.

అతను కాగితాన్ని మడతల ప్రకారమే మళ్లీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వింజమూరు బస్సు ఎన్ని గంటలకని వెంకమ్మను అడిగాడు.

"ఏంది అబ్బయ్యా అది?" అన్నాడు ఓబులయ్య.

"ఏం లేదు మామా. చిత్తు కాగితం."

ఓబులయ్య బొంగరం కింద పెట్టి, అతని చొక్కా జేబు వైపు చూశాడు.

"నన్ను వచ్చినకాడినుంచి దొంగను చూసినట్టు చూస్తివి. ఆ చూపు ఇప్పుడు యాడికి పోయింది నీకు?"